నోరు పాడుతుంటే చెయ్యి చెప్పాల్సిన మాటలు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

రెండు గంటల కచేరీ ఒప్పుకున్నావని, వయొలిన్‌కీ మృదంగానికీ నీకంటే బాగా పెద్దవాళ్లు వస్తున్నారని, వాళ్లతో ముందుగా కూర్చుని పాడుకునే వీలు లేదని రాశావు. కృతుల పట్టిక బాగుంది. పాఠం విషయంలో నాకు బెంగ లేదు. నువ్వు అడగని సంగతి ఒకటి రాస్తాను. కచేరీలో నీ నోటికి పాట తప్ప వేరే పని ఉండదు. "ఇక్కడ నెరవు చేస్తాను" (ఒకే పాదాన్ని రకరకాలుగా పెంచి పాడటం), "ఇక మీరందుకోండి", "ఇదే ఆఖరి ముక్తాయింపు" (లెక్కకట్టి ముగించే భాగం) అని పక్కవాళ్లకు మాటల్లో చెప్పలేవు. చేత్తో, చూపుతో, ఊపిరితో చెప్పాలి. అదీ వాళ్లు సర్దుకునేందుకు ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) ముందుగా చెప్పాలి. చాలా కచేరీలు బెసికేది ఇక్కడే.

ముందు కూర్చునే తీరు. మృదంగం కుడి మూత సభ వైపు ఉండాలి కనుక మృదంగం ఆయన నీ కుడిపక్కన, వయొలిన్ ఆయన ఎడమపక్కన కూర్చుంటారు. పళని సుబ్రహ్మణ్య పిళ్లై గారిలా ఎడమచేతి వాటం వాళ్లయితే ఇది తారుమారవుతుంది. వచ్చేది ఎవరో ముందే కనుక్కో. నువ్వు తాళం వేసేది కుడి తొడ మీద. అది మృదంగం వైపుకి సూటిగా కనిపిస్తుంది, వయొలిన్ ఆయన మాత్రం నీ ఒడి మీదుగా చూడాలి. అందుకని పాటల పుస్తకం పెట్టుకునే బల్ల, నీళ్ల ఫ్లాస్కు, మైకు స్టాండు కాలు, పట్టుచీర కొంగు ఇవేవీ ఆ చేతికి అడ్డం రాకూడదు. కూర్చున్నాక రెండు పక్కలకీ ఒకసారి చూసి "చెయ్యి కనిపిస్తోందాండీ?" అని అడుగు. పెద్దవాళ్లు దాన్ని తప్పు పట్టరు, సంతోషిస్తారు.

కుడిచేతికి గాజులు వద్దు, ఎడమచేతికి చాలు. మైకు జానెడు దూరంలో ఉన్నా గాజుల గలగల అందులోకి ఎక్కుతుంది, తొడ మీద గట్టిగా కొట్టిన దెబ్బ అయితే 'ధబ్' మని మోగుతుంది. తాళం వినపడాల్సిన పని లేదు, కనపడాలి. మణికట్టు తొడ మీంచి ఆరంగుళాలు లేచి మెత్తగా దిగితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో మొదటి నాలుగూ లఘువు (ఒక దెబ్బ, మూడు వేళ్లు), తర్వాత రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు (ఒక దెబ్బ, ఒక విసర్జితం, అంటే అరచెయ్యి తిప్పడం). అంటే 1, 5, 7 అక్షరాల మీద దెబ్బ పడుతుంది. మృదంగం ఆయన నీ చేతినే చూస్తూ కూర్చోడు. నీ పాట మీద, తన సొల్లు (మృదంగపు జతుల) మీద మనసుపెట్టి మధ్యలో ఒక్క క్షణం తలెత్తి చూస్తాడు. ఆ క్షణంలో దెబ్బ కనిపిస్తే అది సమమో (ఆవర్తనం మొదటి దెబ్బ), మొదటి ద్రుతమో, రెండో ద్రుతమో తెలియాలంటే దాని ముందూ వెనకా ఉన్న వేళ్లూ విసర్జితమూ స్పష్టంగా ఉండాలి. ఈ కాలపు పిల్లలు లఘువులో వేళ్లను బొటనవేలితో తాకి లెక్కపెడుతుంటారు. అది మనకు మనం లెక్కపెట్టుకోవడానికే పనికొస్తుంది, మూడడుగుల దూరానికి కనిపించదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు విడివిడిగా తొడ మీద ఆనాలి. విసర్జితంలో అరచెయ్యి పూర్తిగా పైకి తిరగాలి. సగం తిప్పి వదిలేస్తే అది దెబ్బలాగే కనిపిస్తుంది. రెండు కళల్లో పాడేటప్పుడు ఒక్కో క్రియ (దెబ్బ, వేలు, విసర్జితం ఏదైనా) రెండుసార్లు వేయాలి, ఆవర్తనానికి పదహారు. రెండోసారి వేసేది మొదటిదానికంటే కొంచెం చిన్నగా వేస్తే చూసేవాళ్లకు లెక్క తేలిక.

పాట ఎత్తుకునేటప్పుడు జరిగే తప్పు మరొకటి. నోరు ముందు మొదలవుతుంది, చెయ్యి వెనక నుంచి వచ్చి కలుస్తుంది. త్యాగరాజస్వామి వారి మధ్యమకాల కృతులు చాలావరకు సమం తర్వాత ఎత్తుకునేవి. కొన్ని అర అక్షరం దాటి, కొన్ని ఒకటిన్నర అక్షరం దాటి మొదలవుతాయి. చెయ్యి ఆలస్యమైతే మృదంగం ఆయన నీ మొదటి అక్షరమే సమం అనుకుంటాడు. పల్లవి రెండు సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీర్లు) నడిచేదాకా ఆ తేడా తేలదు. ఈలోగా సభలో తాళం వేసుకునే వాళ్లందరికీ తెలిసిపోతుంది. అందుకని ప్రతి పాటకీ ముందు ఆఖరి ద్రుతం, అంటే 7, 8 అక్షరాలు, నోరు మూసుకుని చేత్తో చూపించు. కాలప్రమాణం (పాట వేగం) ఎంతో ఆ రెండు క్రియల మధ్య ఎడంతోనే వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత సమం వెయ్యి. అర ఎత్తుగడ (సమం దాటి అర అక్షరానికి మొదలయ్యే) పాటైతే ఆ సమం దెబ్బ మీదే ఊపిరి పీల్చుకో. నీ భుజం ఆ కాస్త కదలడం చూసి చెయ్యి తిరిగిన మృదంగ విద్వాంసుడు ఎక్కడ అందుకోవాలో పట్టేస్తాడు. రాగం తానం పల్లవి (రాగమూ తానమూ పాడాక ఒక్క పాదాన్నే తాళంలో విస్తరించేది) అయితే మొత్తం ఆవర్తనం ఒకటి, తాళం అరుదైనదైతే రెండు, ఖాళీగా వేసి చూపించాకే పల్లవి ఎత్తుకో. పదగర్భం (పల్లవి పాదం రెండుగా విడిచే చోటు) దగ్గర మొదటి రెండుసార్లు తల చిన్నగా వంచు.

ఇంకా ముందుది, పాటకీ పాటకీ మధ్య. మృదంగం ఆయన రాయీ పుల్లా తీసుకుని మూత సరిచేసుకుంటుంటే, వయొలిన్ ఆయన కమానుతో షడ్జ పంచమాలు సరిచూసుకుంటుంటే నువ్వు ఆలాపన ఎత్తుకోకు. ఆయన రాయి కింద పెట్టి చేతులు వాద్యం మీదికి తెచ్చాడా, ఈయన కమాను తీగల మీద ఆన్చాడా అని కుడివైపు ఒక చూపు, ఎడమవైపు ఒక చూపు. అయిదు సెకన్ల పని. అది లేకుండా మొదలెడితే మొదటి ఆవర్తనం నీ ఒక్కదానిదే అవుతుంది.

ఆలాపనలో వయొలిన్ ఆయన నీ వెంటే వస్తుంటాడు. నువ్వు ఒక స్వరం మీద నిలిస్తే అది విశ్రాంతా, ముగింపా, ఆయన నింపాల్సిన ఖాళీయా అన్నది నీ శరీరమే చెప్పాలి. ఇంకా పాడబోతుంటే ఎడమచెయ్యి గాలిలోనే ఉంచి చూపు దించుకో. ఆయన పూరించాలంటే చెయ్యి దించి ఆయన వైపు చూడు. ఆలాపన ముగిస్తుంటే షడ్జానికి దిగి, నిలిపి, ఎడమవైపు తిరిగి అరచెయ్యి చాపి తల వంచు. ఏమీ చెప్పకుండా ఠక్కున ఆపేసి నీళ్లు తాగడం మొదలుపెడితే ఆయన రెండు క్షణాలు తికమకపడతాడు, అక్కడ రాగం తెగుతుంది. ఆయన వాయిస్తున్నంతసేపూ ఆయన వైపే వింటూ ఉండు. పుస్తకం పేజీలు తిప్పడం, ఫోను చూడటం, మొహం తుడుచుకోవడం ఆ సమయంలో అసలు వద్దు. సభ నీ ముఖం చూసి వింటుంది. నువ్వు వినడం మానేస్తే వాళ్లూ మానేస్తారు, ఆ నష్టం ఆయనది. మంచి సంగతి పడితే 'భేష్' అను. ప్రతి పలుకుకీ అనకు, దాని విలువ పోతుంది.

నెరవుకి ఏ పాదం ఎంచుకున్నావో చెప్పడానికి సులువైన దారి ఆ పాదాన్ని మార్పు లేకుండా రెండుసార్లు పాడటం. మూడోసారి ఎత్తుగడ దగ్గర ఎడమకి చూడు. స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడేటప్పుడు) నువ్వు పాడినంత ఆయన వాయిస్తాడు కాబట్టి ఎక్కడ ఆగుతున్నావో సందేహం ఉండకూడదు. ప్రతి విడతా పాట పదాన్ని స్పష్టంగా పలికి, ఆ పదం మీదే చూపు ఆయనకివ్వు. రెండు ఆవర్తనాల నుంచి ఒకటికి, ఒకటి నుంచి సగానికి, పావుకి తగ్గించుకుంటూ వచ్చేటప్పుడు ఒక్కో కొలతలో కనీసం రెండు విడతలు ఉండు. ఒకే విడతకు తగ్గిస్తే వయొలిన్ ఆయనకు కొత్త కొలత పట్టే వ్యవధి ఉండదు. ఆఖరి పెద్ద విడతకి మాత్రం చూపు కుడివైపు వెళ్లాలి. నడుము నిటారుగా చేసి, సమం దెబ్బ ఎప్పటికంటే ఎత్తుగా వెయ్యి. ముక్తాయింపు రాబోతోందని మృదంగానికి అదే కబురు.

తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) ఇవ్వడం: పాట పాదం ఎత్తుగడ దాకా పాడి, కుడివైపు తిరిగి, ఎడమ అరచెయ్యి చాపి ఆగిపో. కుడిచెయ్యి తాళంలోనే ఉండాలి. ఎన్ని నిమిషాలన్నది కచేరీకి ముందే గదిలో మాట్లాడుకోండి. వేదిక మీద అయిదు వేళ్లు చూపిస్తే అయిదు నిమిషాలనుకుంటాడో, ఖండ గతి (అక్షరానికి అయిదు భాగాల నడక) అనుకుంటాడో!

తని జరిగినంతసేపూ నీ చెయ్యే ఆయనకు ఆధారం. అది రెండు రకాలుగా జారుతుంది. ఆయన తిశ్ర గతికి (అక్షరానికి మూడు భాగాల నడకకి) మారగానే దెబ్బలు దగ్గరపడినట్టు అనిపించి చెయ్యి పరిగెత్తుతుంది. ఎదురు దెబ్బలు (తాళం దెబ్బల మధ్యన పడేవి) వేస్తుంటే ఆయన వేసేదే సమం అనిపించి చెయ్యి అటు ఒరుగుతుంది. రెండింటికీ మందు ఒకటే. ఆయన చేతుల వంక చూడకు. ఏ పాదం దగ్గర తని ఇచ్చావో ఆ పాదాన్ని మనసులో పాడుకుంటూ నీ లఘువు నువ్వు చూసుకో. ఒకవేళ తప్పితే చెయ్యి దాచుకోకు, ఉలిక్కిపడి సరిచేయకు. వయొలిన్ ఆయన కూడా తాళం వేస్తుంటాడు. ఎడమకి చూసి, ఆయన సమంతో కలిసి వెయ్యి. మొహరా (తని ముగింపుకి వస్తోందని తెలిపే జతి) రాగానే సర్దుకుని కూర్చో. ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి లెక్క చూసుకో, రెండోసారి గొంతు తడి చేసుకో, మూడోసారి చివర్లో ఊపిరి తీసి ఎత్తుగడ మీద నిస్సంకోచంగా పాదం అందుకో. అక్కడ గొంతు రాకపోతే అంతసేపు ఆయన కట్టింది కూలిపోతుంది.

ఎవరైనా తాళం తప్పినప్పుడు నువ్వు వాళ్ల వంక కనుబొమలు ముడిచి చూడటమంటే తప్పెవరిదో సభకి వేలు పెట్టి చూపించడమే. అది చేయకు. తొడ మీద బాదకు. చెయ్యి ఇంకో రెండంగుళాలు ఎత్తి, సంగతులు మానేసి, సాహిత్యాన్ని సాదాగా, అక్షరాల మీద బరువు వేసి పాడు. ఒక ఆవర్తనంలో సర్దుకుంటారు.

మైకు, మానిటర్ల సైగలు ఎడమచేత్తోనే. సౌండ్ చూసే అబ్బాయితో ముందే అనుకోండి: వేలు ఎవరివైపు చూపిస్తే వాళ్ల వాద్యం, తర్వాత వేలు పైకంటే పెంచు, కిందకంటే తగ్గించు. అదీ వయొలిన్ వంతులోనే చెయ్యి. నువ్వు పాడుతూ చిరాగ్గా మైకు వంక చూస్తే జనం స్వరం తప్పిందనుకుంటారు.

ముఖం గురించి మన శాస్త్రం నిర్మొహమాటంగా చెప్పింది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన 25 గాయక దోషాల్లో చెవికి కాక కంటికి తగిలేవే ఎన్నో ఉన్నాయి. పళ్లు బిగించి పాడేవాడు సందష్టుడు, నోరు భయంకరంగా తెరిచేవాడు కరాళి, బుగ్గలు ఉబ్బించేవాడు తుంబకి, మెడ వంకర తిప్పేవాడు వక్రి, కళ్లు మూసుకుని పాడేవాడు నిమీలకుడు. ఈ కాలపు పరిశోధనలూ అటే చూపిస్తున్నాయి. మరింబా అనే కొయ్యపలకల వాద్యం మీద ఒకే నిడివి ధ్వనిని, చెయ్యి పొడుగ్గా ఊపిన దృశ్యంతో కలిపి చూపిస్తే అది ఎక్కువసేపు మోగినట్టు శ్రోతలకు అనిపించిందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పోటీల్లో విజేతలెవరో శబ్దం విన్నవాళ్ల కంటే, శబ్దం లేని వీడియో చూసినవాళ్లే మెరుగ్గా పోల్చారని 2013లో ఇంకొకటి. చెవి ఒక్కటే వింటుందని అనుకోవద్దు, అంతే. అలాగని చేతులు విసరమని నేననను. గమకంతో పాటు ఎడమచెయ్యి దానంతటదే కదిలితే అందం. తారస్థాయి గాంధారం కంటే చెయ్యి ముందుగా పైకి వెళ్లి కూర్చుంటే స్వరం వెనకబడినట్టు ఉంటుంది. కళ్లు మూసుకోవడం ఆలాపనలో రెండు మూడు ఊపిర్ల వరకు ఫరవాలేదు. నెరవులో, స్వరాల్లో మూస్తే ఇద్దరు పక్కవాళ్లనీ గది బయట పెట్టి తలుపేసుకున్నట్టే. దవడ బిగుస్తోందంటే చాలాసార్లు శ్రుతి అరమెట్టు ఎక్కువైందన్నమాట. అయిదున్నర శ్రుతి ఇబ్బందైతే అయిదుకి దించుకో, ముఖం అదే విప్పారుతుంది.

అద్దం ముందు సాధన చేయకు, నిన్ను నువ్వు చూసుకోవడం అలవాటవుతుంది. ఫోనుని మృదంగం ఆయన కూర్చునే చోట, ఆయన కంటి ఎత్తులో పెట్టి ఇరవై నిమిషాలు రికార్డు చెయ్యి. అందులో ఒక కృతి, నెరవు, స్వరాలు ఉండాలి. ముందు శబ్దం తీసేసి చూడు. మధ్యలో ఎక్కడ ఆపినా చెయ్యి ఎన్నో అక్షరం మీద ఉందో చెప్పగలగాలి. పదిసార్లు ఆపి చూస్తే ఎనిమిదిసార్లయినా తెలియాలి. తర్వాత ఫోను ఎడమవైపు, వయొలిన్ చోట పెట్టి మళ్లీ. ఆ రెండు వీడియోలూ శబ్దం లేకుండానే నాకు పంపు, చూసి ఎక్కడ చెయ్యి మసకబారిందో రాస్తాను. చేతి గడియారం మాత్రం ఆ రోజు తాళం వేసే చేతికి పెట్టుకోకు. చిన్న టైంపీసు పుస్తకం పక్కన పెట్టుకుంటే మంగళానికి ఎంత మిగిలిందో తల తిప్పకుండా తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మామయ్య