హనోయ్‌లో ఒక్క రాత్రికి 32 వేలు: చదివింపుల డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాం, ఆగస్టులో పెళ్లయింది. ఇద్దరి జీతం కలిపి చేతికి 1,05,000 వస్తుంది, ఖర్చులు నెలకు 60,000 దాకా. నవంబరులో 20 రోజులు వియత్నాం వెళ్తున్నాం. బ్యాగులు భుజాన వేసుకుని సైగాన్ నుంచి హోయ్ ఆన్, హ్యూ, హనోయ్, హా జాంగ్ దాకా. హాస్టళ్లలో ఇద్దరికి విడి గది సగటున 1,800 పడుతోంది. దానికి 2,10,000 ముందే కూడబెట్టుకున్నాం. నాకున్న ఒకే కోరిక, హనోయ్‌లోని మెట్రోపోల్ హోటల్‌లో రెండు రాత్రులు ఉండాలని. రాత్రికి 28,000 చూపిస్తోంది. అత్యవసరాలకు 2 లక్షల ఎఫ్‌డీ, చదివింపులు 1,65,000 ఉన్నాయి. బ్యాంకు యాప్ లక్ష పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. అత్తయ్యగారు చదివింపులతో బంగారం కొనుక్కోమంటున్నారు. మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. ఇది దుబారా అంటారా?

జవాబు: వెళ్లండమ్మా. కానీ ఒక్క రాత్రి చాలు. లోన్ అసలు వద్దు, ఎఫ్‌డీ జోలికి పోవద్దు, చదివింపుల్లోంచే తీయండి. దుబారా అనే మాట మీకు వర్తించదు, ఎందుకంటే మిగతా రోజులన్నీ మీరు 1,800 గదుల్లో ఉండటానికి సిద్ధపడే ఈ కోరిక కోరారు. ఇంత పొదుపుగా ప్లాన్ వేసుకున్న జంటకు ఒక రాత్రి కూడా వద్దని చెప్తే అది ఆర్థిక సలహా అనిపించుకోదు.

ముందు అసలు లెక్క చూడండి. 28,000 అని తెరమీద కనిపించింది కదా, దాని పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. వియత్నాంలో పెద్ద హోటళ్లు రేటు అలాగే వేస్తాయి. ఒక ప్లస్ 5 శాతం సర్వీస్ చార్జి, రెండోది దాని మీద వ్యాట్. రెండూ కలిపితే 13 నుంచి 15 శాతం పెరుగుతుంది. అంటే ఒక రాత్రి ఇంచుమించు 32,000, రెండు రాత్రులు 64,000 దాకా అవుతాయి. ఒక రాత్రి ఖర్చుతో మీ లెక్క ప్రకారమే హాస్టల్‌లో దాదాపు 18 రాత్రులు గడుస్తాయి, అంటే మీ ప్రయాణం మొత్తం బస ఖర్చు ఇంచుమించు ఒక్క రాత్రిలో పెడుతున్నారన్నమాట. అది తెలిసి పెడితే నాకు అభ్యంతరం లేదు. రెండో రాత్రికి అదే మాట నేను చెప్పలేను, ఎందుకంటే మొదటి రాత్రికే మీరు కొనాలనుకున్నదంతా చేతికి వచ్చేస్తుంది.

మీరు కొంటున్నదేమిటో కూడా తేల్చుకోండి. మెత్తటి పరుపు, ఈత కొలను కావాలంటే డానాంగ్ సముద్రతీరంలో ఇంతకంటే చాలా తక్కువకు దొరుకుతాయి. మెట్రోపోల్‌కి డబ్బు పెట్టేది దాని చరిత్ర కోసం. 1901లో ఫ్రెంచివాళ్ల కాలంలో తెరిచారు. చార్లీ చాప్లిన్, నటి పాలెట్ గొడార్డ్ 1936లో హనీమూన్‌కి ఇక్కడికే వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక దానికి థోంగ్ న్యాత్ అని పేరు మార్చారు, 1992లో మళ్లీ పాత పేరుతో తెరిచారు. 1972 డిసెంబరులో అమెరికా విమానాలు హనోయ్ మీద బాంబులు వేస్తుంటే గాయని జోన్ బాయెజ్ తలదాచుకున్న బంకర్ ఆ హోటల్ కిందే ఉంది. తర్వాత మూసేసి అందరూ మర్చిపోయారు, 2011లో కొలను పక్కన బార్ మరమ్మతులకు తవ్వుతుంటే బయటపడింది. హోటల్‌లో దిగినవాళ్లను లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. గది బుక్ చేశాక మెయిల్ పెట్టి ఆ టూర్ ఏ వేళకో అడిగి పేర్లు రాయించుకోండి, అక్కడికి వెళ్లాక అడుగుదామనుకుంటే కుదరకపోవచ్చు.

ఇంకో మాట, అదే హోటల్‌లో 1990ల్లో కట్టిన ఒపెరా వింగ్ కూడా ఉంది. అన్నిటికంటే తక్కువ రేటు కనబడగానే నొక్కేస్తే కొత్త భవనంలో గది వచ్చే అవకాశం ఉంది. మీరు చరిత్ర కోసం వెళ్తున్నారు కాబట్టి హెరిటేజ్ వింగ్ అని రాసి ఉందో లేదో చూసి మరీ బుక్ చేయండి. దానికి రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వండి, ఇక్కడ మిగుల్చుకోవాలని చూడొద్దు.

ఇక డబ్బు ఎక్కడి నుంచి అన్న సంగతి. చదివింపుల డబ్బు గురించి కొత్త జంటలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మీ పెళ్లిలో ఎవరో ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని పేరు, ఊరు, మొత్తం నోట్‌బుక్‌లో రాసే ఉంటారు. ఆ పుస్తకం ఇప్పుడు ఎవరింట్లో ఉందో కనుక్కుని తెచ్చుకోండి. 1,116 రాయించినవాళ్ల ఇంట్లో పెళ్లయితే మీరు కనీసం అంత రాయించాలి, ఇకనుంచి అది మీ అమ్మానాన్నల బాధ్యత కాదు, మీ ఇద్దరిదీ. కాబట్టి 1,65,000లో ఒక భాగం మీరు తీర్చాల్సిన బాకీయే. వచ్చే ఏడాదిలో ఎవరిళ్లలో పెళ్లిళ్లున్నాయో ఆ పుస్తకం ముందు పెట్టుకుని లెక్కేయండి. నేను 45,000 పక్కన పెడతాను.

తర్వాత ఎఫ్‌డీ. నెలకు 60,000 ఖర్చున్న ఇంటికి 2 లక్షలంటే మూడు నెలల పైన కొంచెం వస్తుంది, ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగాలే అయితే ఇది తక్కువే. ఇంకో 50,000 దానికి కలపండి. హోటల్‌కి 38,000 అనుకుందాం, అందులో గది పన్నులతో 32,000 దాకా, మిగతాది అక్కడి కాఫీ, ఒక పూట భోజనం, కాస్త టిప్స్. ఇవన్నీ పోగా 32,000 మిగులుతుంది. దానితో అత్తయ్యగారు చెప్పినట్టే బంగారం కొనండి. నగ కొంటే తరుగు, మజూరీ కింద కొంత పోతుంది కాబట్టి చిన్న కాయిన్ అయితే మేలు. ఆవిడ మాట కొట్టేయాల్సిన పని లేదు, ఆవిడ అడిగింది కూడా మీ మంచికే.

పెళ్లి కానుకల మీద ఆదాయపు పన్ను ఉంటుందేమోనని భయపడొద్దు. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుకలకు పన్ను లేదు, ఇచ్చింది బంధువులైనా స్నేహితులైనా సరే. నగదు ఇంకా ఇంట్లోనే ఉంటే బ్యాంకులో వేసేయండి, ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఆ నోట్‌బుక్కే మీకు ఆధారం.

లోన్ ఎందుకు వద్దో చెప్తాను. 14 శాతం వడ్డీకి రెండేళ్ల మీద లక్ష తీసుకుంటే నెలకు 4,800 కట్టాలి, అంతా అయ్యేసరికి వడ్డీ 15,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. హోటల్‌లో ఉండేది మాత్రం మధ్యాహ్నం 3 నుంచి మర్నాడు 12 దాకా, 21 గంటలు. ఆ 21 గంటలకు 24 నెలల ఈఎంఐ పెట్టుకుంటే తిరిగొచ్చాక ప్రతి నెలా జీతం పడిన రోజు ఆ హోటలే గుర్తొస్తుంది, అదీ మంచిగా కాదు.

బుకింగ్ దగ్గర ఒక జాగ్రత్త. నవంబరంటే హోయ్ ఆన్, హ్యూ వైపు వానలూ వరదలూ వచ్చే కాలం. రైలు ఆగొచ్చు, మీరు ఒకచోట రెండు రోజులు ఇరుక్కోవచ్చు. అందుకని డబ్బు తిరిగి రాని చవక రేటు తీసుకోవద్దు, క్యాన్సిల్ చేసుకోగలిగేదే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. ఈ రాత్రిని హా జాంగ్ నుంచి తిరిగొచ్చాక పెట్టుకోండి. కొండల్లో తిరిగి, ఒళ్లంతా దుమ్ముతో బస్సు దిగాక ఆ స్నానాల గది విలువే వేరు. దిగగానే మొదటి రాత్రి పెట్టుకుంటే నిద్రకే పోతుంది. పైగా చివర్లో పెట్టుకుంటే అప్పటికి మీ 2,10,000లో ఎంత మిగిలిందో తెలుస్తుంది, మరీ ఎక్కువ ఖర్చయిపోయి ఉంటే గడువులోపు రద్దు చేసుకుని, వీధి వైపున్న వాళ్ల కేఫ్‌లో కూర్చుని కాఫీ తాగి రావచ్చు. ఉదయమే హనోయ్ చేరితే బ్యాగులు హోటల్‌లో ఇచ్చేయండి, గది సిద్ధం కాకపోయినా తీసుకుంటారు. భుజాన పెద్ద బ్యాగులతో వెళ్లడానికి మొహమాటపడకండి, మీరు కట్టేది అందరూ కట్టే రేటే.

కార్డు సంగతి. గదిలోకి వెళ్లేముందు హోటల్ డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని కార్డు మీద బ్లాక్ చేస్తుంది. ఫారెక్స్ కార్డో డెబిట్ కార్డో ఇచ్చారంటే మీ ప్రయాణపు డబ్బు కొన్ని రోజులపాటు ఇరుక్కుపోతుంది, మీరు బస్సు టికెట్‌కి వెతుక్కోవాలి. ఆ బ్లాక్ మాత్రం క్రెడిట్ కార్డు మీద చేయించండి. బిల్లు కట్టేటప్పుడు మెషీన్ రూపాయలా, వియత్నాం డబ్బు డాంగ్‌లా అని అడిగితే డాంగ్‌లే నొక్కండి, రూపాయలంటే వాళ్లిష్టం వచ్చిన మారకం రేటు వేస్తారు. మామూలు క్రెడిట్ కార్డుకి విదేశీ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కడితే బ్యాంకు పైన వేసుకునే రుసుము, 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ, 32,000 బిల్లుకి 1,300 దాకా పోతుంది. మార్కప్ లేని కార్డు దొరికితే ఇప్పుడే అప్లై చేయండి, నవంబరు దాకా ఆగొద్దు.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం. మీ ఉత్తరంలో హా జాంగ్ అని చూడగానే హోటల్ పక్కకు పోయింది. అక్కడికి వెళ్లే కుర్రకారంతా బైక్ అద్దెకు తీసుకుని ఘాట్ రోడ్లెక్కుతారు. మీ ఆయన కూడా అదే అనుకుంటున్నారేమో అడగండి. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. అంటే మన పర్మిట్ జేబులో ఉన్నా అక్కడ లైసెన్సు లేకుండా నడిపినట్టే. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా నడిపి కింద పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా క్లెయిమ్ ఇవ్వరు. కాలు విరిగి ఆపరేషన్ చేయించుకుని, విమానంలో ఇంటికి చేరాలంటే మీ ఎఫ్‌డీ మొత్తం ఊడ్చుకుపోతుంది. హోటల్ ఖర్చు ఎంతో ముందే తెలుసు, దీని ఖర్చుకి పైన హద్దు లేదు.

అక్కడ ఈజీ రైడర్ అని దొరుకుతారు, బండి వాళ్లే నడుపుతారు, మీరిద్దరూ చెరో బండి మీద వెనక కూర్చోవచ్చు. ఖర్చు ఎక్కువే, పెట్టండి. హోటల్‌కీ దీనికీ రెండింటికీ డబ్బు చాలదనిపిస్తే నేను హోటలే వదిలేయమంటాను. పాలసీ కొనేముందు ద్విచక్ర వాహనం వెనక కూర్చుంటే వర్తిస్తుందా లేదా అని కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ దగ్గర నిలబడదు.

నోట్లు కూడా జాగ్రత్త. 20,000 డాంగ్ నోటూ 5 లక్షల డాంగ్ నోటూ రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి, రాత్రి వీధి లైటు కింద తేడా తెలియదు. మొదటిది మన 70 రూపాయల లోపు, రెండోది 1,600 పైమాటే. 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి.

అత్తయ్యగారికి హోటల్ సంగతి దాచకండి. నాలుగు భాగాల లెక్క కాగితం మీద రాసి, ఎదురు చదివింపులకు ఎంత, ఎఫ్‌డీకి ఎంత, బంగారానికి ఎంత అని చూపించి, ఆ తర్వాతే హోటల్ మాట చెప్పండి. చూపించేటప్పుడు మీ ఆయన కూడా పక్కనే కూర్చోవాలి. నీ ఇష్టం అని వదిలేస్తే సరిపోదు, ఈ ఖర్చు ఇద్దరిదీ అని ఆయనే వాళ్లమ్మగారికి చెప్పాలి.