నల్ల డబ్బా కింద అంకెలు అలాగే ఉన్నాయి

ఒరేయ్ చిన్నా,

ఆదివారం మారతహళ్లిలో మా ఇంట్లో భోజనాలయ్యాక, బయటికి పంపబోయే నీ పవర్‌పాయింట్ ఫైలు (పీపీటీ) తెరిచి చూపించావు కదా. పాత క్లయింట్ రేట్లు కనపడకూడదని తొమ్మిదో స్లైడులో నల్ల డబ్బా గీశావు. నేను దాన్ని మౌసుతో పట్టుకుని పక్కకు జరిపితే కింద అంకెలు పైసలతో సహా అలాగే ఉన్నాయి. నీ ముఖం చిన్నబోయింది. నలుగురిలో ఇంకేం అంటానులే అని ఊరుకున్నాను. అసలు ఆ ఫైలు ఇంట్లో నాకు చూపించడమే తప్పు, అది ముందు గుర్తుపెట్టుకో.

కప్పడం వేరు, తీసేయడం వేరురా. నువ్వు గీసిన డబ్బా గిన్నె మీద మూత లాంటిది, ఎత్తితే లోపలిది కనిపిస్తుంది. పీడీఎఫ్ చేసి పంపినా అంతే. డబ్బా మీదుగా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేస్తే అక్షరాలన్నీ వచ్చేస్తాయి. 2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పత్రానికి ఇదే గతి పట్టింది. నల్లగా కొట్టేసిన వాక్యాలను విలేకరులు కాపీ చేసి చదివేశారు. అందుకే ముందు ఫైలుకి కాపీ తీసుకో. ఆ కాపీలో అసలు అంకె చెరిపేసి దాని చోట రెండు గీతలు టైపు చెయ్యి. డబ్బా కావాలంటే ఆ తర్వాత పెట్టుకో.

నాకు అన్నిటికంటే భయం చార్టులంటే. ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించినప్పుడు ఒక్కోసారి చార్టుతో పాటు వర్క్‌బుక్ మొత్తం, అంటే అందులోని షీట్లన్నీ, ఫైల్లో కూర్చుంటుంది. అప్పట్లో నేను పనిచేసిన ఆఫీసులో మా టీం అమ్మాయి ఒక చిన్న చార్టు పెట్టింది, నాలుగే నాలుగు కడ్డీలు. అవతలి కంపెనీ కొనుగోళ్ల మేనేజర్ దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' నొక్కాడు. మనుషుల జీతాలు, మా లాభం శాతం, ధర ఎంతవరకు దిగుతామో, అన్నీ పక్క షీట్లలో ఉన్నాయి. మర్నాడు బేరం సరిగ్గా ఆ అంకె దగ్గరే మొదలైంది. ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఏడ్చింది. పంపే ముందు ఫైలు చూడాల్సింది నేను, చూడలేదు. ఆ తప్పు నాది. అప్పటినుంచి బయటికి వెళ్లే చార్టు ఏదైనా 'పేస్ట్ స్పెషల్'లో బొమ్మగానే అతికిస్తాను.

బొమ్మల్లోనూ ఒక చిక్కుంది. క్రాప్ చేసినంత మాత్రాన కత్తిరించిన ముక్క పోదు. 'కంప్రెస్ పిక్చర్స్'లో 'డిలీట్ క్రాప్డ్ ఏరియాస్' టిక్ పెట్టు, ఈ ఒక్క బొమ్మకే అన్న టిక్ తీసెయ్యి. స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లుంటే మసకబార్చి సరిపెట్టకు, మసకలోంచి కూడా అంకెలు ఊహించి పట్టుకోవచ్చు. నంబర్లే లేని స్క్రీన్‌షాట్ తీసుకో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన జాగ్రత్త తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని ఉంది.

స్లైడు కింద మనకోసం రాసుకునే స్పీకర్ నోట్స్, కామెంట్లు, స్లైడు అంచు బయట వదిలేసిన ముక్కలు, వీటికోసం ఫైల్, ఇన్ఫో, 'చెక్ ఫర్ ఇష్యూస్'లో 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడుపు. నోట్స్ మాత్రం నువ్వే చదువు, "బేరమాడితే ఇంకొంచెం తగ్గొచ్చు" లాంటివి మనం అక్కడే రాసుకుంటాం. డబ్బా కింద ఏముందో ఆ పరికరానికి తెలియదు, అది నీ కళ్లతోనే చూడాలి. దాచిన స్లైడ్లు కూడా నువ్వే వెతికి తీసెయ్యి.

చివర్లో నేను చేసే పని ఒకటుంది. ఇంకో కాపీ తీసి పేరు చివర పీపీటీఎక్స్ బదులు జిప్ అని మార్చి తెరుస్తాను. లోపల 'పీపీటీ' ఫోల్డరులో 'మీడియా' ఉంటుంది, అందులో బొమ్మలన్నీ కనిపిస్తాయి. 'ఎంబెడింగ్స్'లో ఎక్సెల్ ఫైలు కనిపిస్తే చార్టు వెనక షీటు ఇంకా ఉన్నట్టే.

బుధవారం పంపాలన్నావు. ఫైలు నాకు పంపకు. మీ టీంలోనే ఒకరికి పది నిమిషాలిచ్చి, దాచినవన్నీ బయటికి తీయమను. వాళ్లకి ఏదైనా దొరికి, ఎలా తీసేయాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ అత్త