మైదానం మాటలు: కాలికింద ఇసుక ఉంది కదా అని నెట్ కట్టేయకండి

ప్రశ్న: సార్, మేం ఎడారి మధ్యలో ఒక వర్క్ సైట్ క్యాంపులో ఉంటున్నాం. గదుల వెనక పెద్ద ఖాళీ జాగా ఉంది. ఎక్కడ కాలు పెట్టినా ఇసుకే. రెండు పోల్స్ పాతి నెట్ కడితే బీచ్ వాలీబాల్ కోర్టు అయిపోయినట్టే కదా అంటున్నారు మావాళ్లు. మేనేజరు కొంత ఖర్చు పెడతామన్నారు. పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: మీవాళ్లు అన్నమాటే ఒకప్పుడు నేనూ అన్నాను. అప్పట్లో నేను అలాంటి సైట్‌లోనే సూపర్‌వైజర్‌ని, సాయంత్రమైతే వాలీబాల్‌లో లిఫ్టర్‌ని, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాణ్ణి. ఒక సెలవురోజు పొద్దున్న పోల్స్ పాతి, సాయంత్రానికి ఆట మొదలుపెట్టేశాం. మొదటి సర్వీసు తీసుకోవడానికి నలుగురు కదిలేసరికి మోకాళ్ల దాకా దుమ్ము లేచింది. రెండో సెట్‌కి సగం మంది తుమ్ములు. డైవ్ కొట్టి లేచిన కుర్రాడి కనుబొమలు, మీసాలు అన్నీ ముసలాయనవి అయిపోయాయి. అందరం నవ్వాం గానీ, ఆ రాత్రి వాడు దగ్గుతూనే ఉన్నాడు.

ఎడారిలో గాలి తోసుకొచ్చిన ఇసుక చాలా సన్నం, పైగా అందులో మన్ను పొడి కలిసి ఉంటుంది. కోర్టుకి కావాల్సింది అది కాదు. మీ జాగాలో ఉన్నది ఎలాంటిదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక గాజు సీసాలో సగం దాకా ఆ ఇసుక పోసి, మిగతా సగం నీళ్లతో నింపి, మూత పెట్టి బాగా కుదపండి. గంటసేపు కదపకుండా ఉంచండి. ఇసుక క్షణాల్లో అడుక్కి చేరిపోతుంది. దాని మీద మెత్తటి బురద పొర పేరుకుని, నీళ్లు ఇంకా మడ్డిగానే ఉంటే ఆ ఇసుకలో ఆడొద్దు. దుమ్ము అణుగుతుంది కదా అని నీళ్లు కొడితే ఇంకో తంటా. ఎండగానే పైన అప్పడంలా గట్టిపడుతుంది. ఉప్పునీళ్లు కొట్టారా, ఆ పెచ్చు ఇంకా మందం.

కడిగిన ఇసుక తెప్పించుకోండి. గింజ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి, లేతరంగు అయితే మంచిది. ముదురు రంగు ఇసుక ఎండని ఎక్కువ తాగుతుంది. రాయి కొట్టి తీసిన క్రషర్ ఇసుక చవగ్గా దొరికినా తీసుకోకండి. దాని అంచులు పదునుగా ఉంటాయి, మోకాళ్లు గీరుకుపోతాయి, తొక్కినకొద్దీ బిగిసిపోతుంది కూడా.

ఇప్పుడు లెక్క చూడండి. బీచ్ కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ వదలాలి. అంటే 22 బై 14, మొత్తం 308 చదరపు మీటర్లు. ఇసుక లోతు కనీసం 40 సెంటీమీటర్లు. గుణిస్తే 123 ఘనపు మీటర్ల పైచిలుకు, బరువులో సుమారు 200 టన్నులు. ఈ అంకె మేనేజరుగారికి ముందే చెప్పండి. సగం ఇసుక వచ్చాక ‘చాల్లే’ అంటే పాదం కింద నేల తగులుతుంది, మడమలు పోతాయి.

తవ్వేముందు ఇంకో పని ఉంది, నేను చేయనిది. మా జాగాలో మూరెడు లోతున సున్నపురాయిలాంటి గట్టి పొర ఉంది. తవ్వేటప్పుడు గడ్డపార ఠంగుమంది కూడా. ‘అబ్బ, పునాది గట్టిగా ఉంది’ అని సంబరపడ్డాను! ఎడారిలో వాన పడదు కదా అన్న ధీమా ఒకటి. పడదు నిజమే. కానీ పడిన రోజు గంటలో కుండపోతగా కురిసిపోతుంది. మా కోర్టు వారం రోజులు చెరువైంది, ఇసుకంతా ఒక మూలకి కొట్టుకుపోయింది. అందుకే మోకాలి లోతు గుంట తీసి రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. ఇంకిపోతే సరే. నిలబడితే అడుగున కంకర పొర, ఒక పక్కకి చిల్లుల పైపు, కంకర మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని వదిలి ఇసుకని ఆపేది), ఆపైనే ఇసుక. గుడ్డ లేకపోతే ఏడాది తిరిగేసరికి ఇసుక కంకరలోకి, కంకర మీ కాళ్లకిందకి వచ్చేస్తాయి. వానాకాలపు వాగు పారే పల్లం మాత్రం ఎంత చదునుగా కనిపించినా వదిలేయండి.

గాలి సంగతి. ఇసుక ఎగిరిపోకుండా చుట్టూ గోడ కట్టేద్దాం అంటారు ఎవరో ఒకరు. వద్దు. నిండు గోడ మీంచి దూకిన గాలి వెనక సుడి తిరిగి, మోసుకొచ్చిన దుమ్మంతా మీ కోర్టులోనే పోస్తుంది. సగం గాలి పోయే వల గానీ తడిక గానీ కట్టండి. దాని దగ్గర గాలి వేగం తగ్గి, మోసుకొచ్చే ఇసుక అక్కడే కుప్పపడుతుంది. అందుకని వలని కోర్టుకి ఆనించి కాకుండా, గాలి వచ్చే వైపు కొంచెం దూరంగా పాతాలి. ఆ కుప్పని అప్పుడప్పుడూ ఎత్తిపోసే పని మాత్రం తప్పదు.

పోల్స్ కట్టే దిమ్మ పైభాగం ఇసుకలో లోతుగా ఉండాలి. తాళ్లు లాగి మేకులకి కట్టే పోల్స్ వద్దు, రాత్రి ఆటలో ఆ తాడు ఎవరికీ కనపడదు. ఇనుప పోల్‌కి స్పాంజి తొడుగు వేయండి. దెబ్బ తగలకుండా అని అందరూ అనుకుంటారు, కాని ఎండలో కాలిన పోల్‌ని ఒక్కసారి పట్టుకుంటే ఇంకో కారణం కూడా తెలుస్తుంది.

నా మాట అడిగితే, 200 టన్నులు తెప్పించుకుని, ఏటా తరిగినంత మళ్లీ పోసే ఓపిక క్యాంపుకి ఉంటేనే ఇసుక కోర్టు జోలికి వెళ్లండి. లేదంటే గచ్చు కోర్టు నయం. దాని గురించే ఇంకొకరు అడిగారు.

ప్రశ్న: మేం సిమెంటు కోర్టు వేస్తున్నాం. ఎండకి పగిలిపోతుందని కొందరు, ఏం కాదని కొందరు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, పోసిన టైమ్‌ని బట్టి. కాంక్రీటుని పాడుచేసేది ఎండ ఒక్కటే కాదు, పొడిగాలి కూడా. పైపొరలో నీళ్లని గాలి లాగేస్తుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, పైన నెర్రెలు. అందుకే రాత్రి గానీ, తెల్లవారుజామున గానీ పోయండి. పోసే ముందు నేలని తడపండి, నీళ్లూ కంకరా నీడలో ఉంచండి. గట్టిపడగానే గోనెపట్టాలు పరిచి, వాటి మీద పాలిథిన్ కప్పి, కనీసం ఏడు రోజులు తడి ఆరనివ్వకండి. మధ్యాహ్నం పన్నెండుకి ఒకసారి వెళ్లి పట్టా ఎత్తి చేత్తో ముట్టుకుని చూడండి. నీళ్లు పెట్టానని చెప్పేవాడి మాట కంటే పట్టా తడి నమ్మకం. రంగు పూత వేసే ముందు నాలుగు వారాలు ఆగండి.

ఈ కోర్టు 18 బై 9. చుట్టూ 3 మీటర్లు కలిపితే 24 బై 15. వాన నీళ్లు పోవడానికి మీటరుకి 5 మిల్లీమీటర్ల వాలు ఇవ్వొచ్చని ఆట నియమాల్లోనే ఉంది. ఒకే పక్కకి వాలిస్తే 15 మీటర్ల వెడల్పులో ఈ అంచుకీ ఆ అంచుకీ 75 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నెర్రెలు అడ్డదిడ్డంగా రాకుండా కాంక్రీటులో కోసే గాళ్లు, అంటే జాయింట్లు, ఎక్కడ కోయాలో ముందే గీసుకోండి. వీలైతే ఒకటి నెట్ కిందికి వచ్చేలా చూసుకుంటే, లిఫ్టర్ కాలు దానిమీద తిరిగేది తక్కువ.

గీతలు గీసేటప్పుడు నాలుగు భుజాలు కొలిచి సరిపోయిందనుకోకండి. భుజాలన్నీ సరిగ్గా ఉండి కోర్టు ఒక పక్కకి ఒరిగిపోవచ్చు. మూల నుంచి మూలకి టేపు లాగండి. 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రెండు వైపులా రావాలి. ఇసుక కోర్టుకైతే 17 మీటర్ల 89.

రంగు లేతది వేయండి, పచ్చో నీలమో. నల్ల తారు మాత్రం వేయకండి. ఎడారి మధ్యాహ్నం దాని మీద 60 డిగ్రీలు దాటడం మామూలే, ఆ వేడికి చర్మం కాలడానికి సెకన్లు చాలు. ఆటకి ముందు అరచేతి వెనక భాగం నేలకి ఆనించి పదంకెలు లెక్కపెట్టండి. ఆరుకే చెయ్యి తీసేస్తే ఇంకో గంట ఆగండి.

ప్రశ్న: మా స్కూలు కోర్టులో సాయంత్రం ఒక వైపు పిల్లలకి బంతి కనపడటం లేదంటున్నారు. నెట్ కూడా ఏడాది తిరక్కుండా పొడిపొడిగా రాలిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: కోర్టు తూర్పు పడమరలుగా వేసి ఉంటారమ్మా. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దునా సాయంత్రం ఎండ పక్క నుంచి పడుతుంది. అందుకే పోల్స్ పాతకముందే సాయంత్రం ఐదింటికి జాగాలో నిలబడి చూసుకోవాలి. ఇప్పుడు మార్చలేకపోతే పడమటి వైపు కోర్టుకి దూరంగా ఎత్తయిన పరదా కట్టండి, సెట్ మధ్యలో సైడ్లు మార్పించండి. కోర్టు మీద నీడ పందిరి వేయాలనుకుంటే కనీసం 7 మీటర్ల ఎత్తు ఉండాలి. అంత ఎత్తున గుడ్డ ఇసుక తుఫానుకి ఎన్నాళ్లు ఉంటుందో నాకు అనుభవమే, రెండు సీజన్లు. ఆ డబ్బుతో పక్కన కూర్చునే చోట పందిరి వేయించండి.

మామూలు నైలాన్ నెట్‌ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. ఎండకి తట్టుకునేలా చేసిన నెట్ అని అడిగి కొనండి. అంతకంటే చవకైన మందు, ఆట అయ్యాక విప్పి లోపల పెట్టడం. మళ్లీ కట్టినప్పుడల్లా మధ్యలో ఎత్తు కొలవండి. పెద్దమ్మాయిలకి 2.24 మీటర్లు, పెద్దబ్బాయిలకి 2.43. చిన్నపిల్లలకి ఇంకా దించండి.

బంతి కూడా ఎండలో వదలకండి. 25 డిగ్రీల గదిలో చదరపు సెంటీమీటరుకి 0.30 కిలోల ఒత్తిడి వచ్చేలా గాలి కొట్టిన బంతి 55 డిగ్రీలకి వేడెక్కితే లోపలి ఒత్తిడి 0.40 దాటిపోతుంది. నియమం ప్రకారం 0.325 మించకూడదు. పిల్లలు చేతులు మండుతున్నాయంటే పాస్ ఎలా తీసుకోవాలో మళ్లీ చెప్పే ముందు బంతి ఎక్కడ పెట్టారో అడగండి.