ఫజ్ ఫేస్‌కి పాత పార్టులే వేయాలా? ముందు లీకేజీ కొలవండి

ఫజ్ ఫేస్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెడల్) తరహాది కట్టుకుంటున్నాను, పాత జర్మేనియం ట్రాన్సిస్టర్లు, పాత కార్బన్ రెసిస్టర్లు, పాత కెపాసిటర్లు వేస్తేనే అసలు టోన్ వస్తుందా అని అడిగారు. ట్రాన్సిస్టర్లు ముఖ్యమే. అయితే చూడాల్సింది వాటి వయసూ, పైన అచ్చువేసిన నంబరూ కాదు. లీకేజీ (బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా కారే కరెంటు) ఎంత, గెయిన్ (బేస్ కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో) ఎంత అన్నవే టోన్‌ని తేలుస్తాయి. మిగతా పాత సామానుతో వచ్చేది చాలావరకు సొద, దాంతోపాటు ఖర్చు.

1966లో వచ్చిన ఆర్బిటర్ ఫజ్ ఫేస్‌లో ఉన్నదల్లా రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (తిప్పే నాబ్‌లు). ఇంత చిన్న సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ తేడాగా ఉంటే దాన్ని సర్దేది ఇంకేమీ లేదు. అందుకే ఒకే నంబరున్న ఎన్‌కేటీ275 జర్మేనియం ట్రాన్సిస్టర్లు వేసిన రెండు పెడల్స్ పక్కపక్కన పెడితే వేర్వేరుగా పలుకుతాయి. మొదటి ట్రాన్సిస్టర్ గెయిన్ 70-80, రెండోదానిది 110-130 మధ్య ఉంటే మంచి జోడీ.

ఆ గెయిన్‌ని మల్టీమీటర్‌లో ఉండే హెచ్‌ఎఫ్‌ఈ (గెయిన్ కొలిచే) సాకెట్‌తో కొలవకండి. అది లీకేజీని కూడా గెయిన్‌లో కలిపేసి చూపిస్తుంది. బ్రెడ్‌బోర్డ్ మీద ఇలా చేయండి. పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ని 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కి కలపండి. 2.2 కిలోఓమ్, 270 ఓమ్ రెసిస్టర్లు వరసగా కలిపి, కలెక్టర్ నుంచి మైనస్‌కి వేయండి. బేస్‌ని దేనికీ తగిలించకుండా వదిలేసి, ఆ రెసిస్టర్ జంట మీద వోల్టేజి చూడండి. 0.37 వోల్టులు వచ్చిందనుకోండి, లీకేజీ 150 మైక్రోఆంపియర్లు. ఇప్పుడు బేస్ నుంచి మైనస్‌కి 2.2 మెగాఓమ్ రెసిస్టర్ తగిలించండి. 1.12 వోల్టులకి పెరిగింది. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే 0.75, దాన్ని వందతో గుణిస్తే గెయిన్ 75. తీసివేయకుండా చూసి ఉంటే 112 అనుకుని రెండో స్థానంలో పెట్టేసేవారు, ఫజ్ చప్పగా ఉందని తల పట్టుకునేవారు.

మొదటి కొలతలో 0.5 వోల్టుల లోపు ఉంటే హాయిగా వాడుకోవచ్చు. 1.2 దాటితే పక్కన పడేయండి. బుసబుస శబ్దం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

మీటరు అలాగే ఉంచి, ట్రాన్సిస్టర్ డబ్బాని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. అర నిమిషంలో అంకె ఎగబాకుతూ పోతుంది. వేళ్లు తీసేస్తే మెల్లగా దిగుతుంది. జర్మేనియం లీకేజీ దాదాపు ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపు అవుతుంది, ఒంటి వేడి చాలు దానికి. అందుకే చేత్తో గుచ్చిన వెంటనే వచ్చిన రీడింగ్ నమ్మకండి, రెండు మూడు నిమిషాలు ఆగండి. చల్లటి గదిలో అద్భుతంగా మోగిన పెడల్ స్టేజి లైట్ల కింద మొండికేయడానికీ ఇదే కారణం. టంకం వేడి ఇంకా ప్రమాదం కాబట్టి ట్రాన్సిస్టర్లకి సాకెట్ వేయడమే మేలు.

బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు ట్రాన్సిస్టర్ నిలిచే వోల్టేజి, కూడా ముఖ్యమే. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గరుండే 8.2 కిలోఓమ్ రెసిస్టర్ స్థానంలో 20 కిలోఓమ్ ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టి, అక్కడ 4.5 వోల్టులు వచ్చేలా తిప్పండి. పీఎన్‌పీలో మైనస్ గుర్తుతో కనిపిస్తుంది, కంగారుపడకండి. అక్కణ్నుంచి చెవితో అటూ ఇటూ కొంచెం జరుపుకోండి. నోట్ చివర సన్నగా కరిగిపోకుండా పుటుక్కున తెగిపోతోందంటే బయాస్ తప్పినట్టే.

కొలవకుండా "పాత స్టాక్, అసలు సరుకు" అని జర్మేనియం ట్రాన్సిస్టర్లు అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. గెయిన్, లీకేజీ రెండంకెలూ రాసి ఇవ్వని ట్రాన్సిస్టర్‌కి ఎక్కువ డబ్బు పెట్టకండి. కొలిచిన అనామక ట్రాన్సిస్టర్ కొలవని ఎన్‌కేటీ275 కంటే నయం.

సిలికాన్ వేస్తే? బీసీ108 లాంటివాటికి గెయిన్ చాలా ఎక్కువ, పైస్థాయి ఫ్రీక్వెన్సీలు చెవిని కోసేంత పదునుగా వినిపిస్తాయి, ఒక్కోసారి రేడియో కూడా పట్టేస్తాయి. కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 100 నుంచి 220 పికోఫారాడ్ కెపాసిటర్ పెడితే ఆ పదును తగ్గుతుంది. జర్మేనియం మెత్తదనంలో కొంత భాగం దాని లోపలి కెపాసిటెన్స్ వల్ల వచ్చేదే.

రెసిస్టర్లకి మెటల్ ఫిల్మ్ వేయండి. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్ రంగు మారుస్తుందని చెప్పేది వందల వోల్టులుండే వాల్వ్ ఆంప్‌ల సంగతి, 9 వోల్టుల పెడల్‌లో మిగిలేది హిస్ ఒక్కటే. పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లయితే లోపల ఎండిపోతాయి. ఇన్‌పుట్ దగ్గరి 2.2 మైక్రోఫారాడ్, ఫజ్ పాట్ దగ్గరి 20 మైక్రోఫారాడ్ ఎండితే కింది స్వరాలు పలచబడతాయి, ఫజ్ నీరసిస్తుంది. కొత్తవి వేయండి, 20కి బదులు 22 వేసినా తేడా తెలియదు.

ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి పాత 4558 చిప్ వెతకడమూ ఇలాంటిదే. దాని మిడ్ ఉబ్బు (మధ్య స్వరాలు ముందుకొచ్చే గుణం) 4.7 కిలోఓమ్, 0.047 మైక్రోఫారాడ్ కలిసి 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించడం వల్ల వస్తుంది. ర్యాట్ పెడల్ మాత్రం వేరు. అందులోని ఎల్‌ఎం308 నిజంగానే మందకొడి చిప్, సెకనులో పదిలక్షో వంతుకి 0.3 వోల్టులే కదులుతుంది, గెయిన్ పెంచినప్పుడు ఆ నెమ్మదితనం వినబడుతుంది. దొరక్కపోతే ఓపీ07 వేయండి, వేగం దాదాపు అంతే.

ఇక పెడల్ తయారయ్యాక దాన్ని గిటార్‌కి నేరుగా, అన్నిటికంటే ముందు పెట్టండి. దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు) చాలా తక్కువ. ముందు బఫర్ (సిగ్నల్‌ని బలపరిచి పంపే సర్క్యూట్) ఉంటే గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు శుభ్రపడే గుణం పోతుంది, ఎంత మంచి జర్మేనియం వేసినా గరగరలాడుతుంది. పీఎన్‌పీ పెడల్‌లో ప్లస్సే గ్రౌండ్ కాబట్టి మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ తీగ పంచుకోకండి, సప్లై షార్ట్ అవుతుంది. దానికి విడిగా ఒక బ్యాటరీ ఇవ్వండి.