ప్రమాదం జరిగితే మావాడి మీదకే వస్తుందా?

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. నేను కరెంటు లైన్‌మన్‌ని. మా బాబు మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేసొచ్చిన దగ్గర్నుంచి రిలయబిలిటీ (యంత్రాలు పాడవకుండా నడవడం), రిస్కు అంటూ అందులోనే ఎంటెక్ చేస్తానంటున్నాడు. ఏడాది ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేస్తే గల్ఫ్ వెళ్లిపోవచ్చని మా బావమరిది చెప్పాడు. వాడికి చెప్పకుండానే అడ్వాన్సు కట్టేశాను. రెండింట్లో ఏది మేలు? జాగ్రత్తగా ఉంటే ప్రమాదాలెందుకొస్తాయి, దానికో చదువా? రేపు ఫ్యాక్టరీలో ఏదైనా అయితే మావాడి మీదకే వస్తుందేమోనని భయం కూడా ఉంది.

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ మనసులో మాట ఆఖరి వాక్యంలో ఉంది. పిల్లలు సేఫ్టీ వైపు, మెయింటెనెన్స్ వైపు వెళ్తామన్నప్పుడు విజయనగరం, శ్రీకాకుళం తల్లిదండ్రులు ఏదో ఒక రూపంలో నన్ను అడిగేది ఇదే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

"జాగ్రత్తగా ఉంటే" అన్న మాట ఒక లైన్‌మన్ నోట రావడం నాకు ఆశ్చర్యంగా ఉంది బాబూ. స్తంభం ఎక్కే ముందు మీరు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపినట్టు ఇచ్చే అనుమతి) ఎందుకు తీసుకుంటారు? సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఫీడరు (అక్కణ్నుంచి కరెంటు తీసుకెళ్లే లైను) ఆపానని నోటిమాటగా చెప్తే చాలదా? చాలదు. ఎల్‌సీ చేతికొచ్చాక కూడా లైనులో కరెంటుందేమో చూసుకుంటారు, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేస్తారు. ఊళ్లో ఎవరో జనరేటర్ వేస్తే వెనక నుంచి కరెంటు రావచ్చని మీకు తెలుసు. ఎంత మంచి పనివాడైనా ఏదో ఒకరోజు పొరబడతాడని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటు ప్రాణం మీదకు రాకుండా ఒకదాని వెనక ఒకటి అడ్డు పెట్టారు. మీ బాబు చదువుతానంటున్నది ఇదే. మీరు రోజూ చేతుల్తో చేసేదాన్ని అతను లెక్కలు కట్టి, ఫ్యాక్టరీ మొత్తానికి చేస్తానంటున్నాడు.

ఆ లెక్కల్లో ఒకటి చూడండి. ఒక యంత్రంలో 50 భాగాలున్నాయి, ఏ ఒక్కటి పాడైనా యంత్రం ఆగుతుంది. ఒక్కో భాగం ఏడాదిపాటు పాడవకుండా నడిచే అవకాశం 99 శాతం. విడివిడిగా అన్నీ మేలురకమే. కానీ యంత్రం ఏడాదంతా ఆగకుండా నడిచే అవకాశం 60 శాతం దగ్గరకు పడిపోతుంది. ఏ భాగాన్ని విప్పి చూసినా ఈ సంగతి కనపడదు, మొత్తాన్ని కలిపి చూస్తేనే తెలుస్తుంది. సరే, తోడుగా ఇంకో పంపు పెడదామంటారు. 90 శాతం నమ్మదగిన పంపులు రెండుంటే, ఒకటైనా నడిచే అవకాశం 99 శాతం. మరి రెండూ ఒకే ఫీడరు మీద ఉంటే? ఆ ఫీడరు పోతే రెండూ ఒకేసారి ఆగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతిన్నది ఇలాగే. అత్యవసర డీజిల్ జనరేటర్లకు లోటు లేదు. కానీ చాలావరకు నేలమాళిగల్లోనే పెట్టారు, సునామీ నీళ్లు ఒక్క దెబ్బకు ముంచేశాయి. ఆరో యూనిట్ దగ్గర ఎత్తుమీద ఉన్న, గాలితో చల్లబడే జనరేటర్ ఒక్కటి నిలబడి ఐదు, ఆరు యూనిట్లను కాపాడింది. మీ మండలంలోనే కొవ్వాడ ఉంది, అక్కడ అణు కేంద్రం ప్రతిపాదన ఉంది. "ఇవన్నీ ఒకేసారి పోతే?" అని అడగగలిగే పిల్లలు మన ఊళ్ల నుంచే రావాలని నా కోరిక.

ఇక మీ భయం. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో అలమండ, కంటకాపల్లి స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజర్‌ను వెనకనుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. పాడైన సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నియమాన్ని రాయగడ బండి ఇంజను నడిపినవాళ్లు పాటించలేదని ప్రాథమిక విచారణ చెప్పింది. వాళ్లూ ఆ రాత్రే చనిపోయారు. ఆ మాటను నేను కాదనను. కానీ ఒక మనిషి నియమం తప్పితే ఆ బండిని ఆపడానికి ఇంకేముంది? ఆ లైనులో అప్పటికి కవచ్ (డ్రైవరు పొరబడితే బండిని దానంతటదే ఆపే ఏర్పాటు) లేదు. "ఎవరు చేశారు?" దగ్గర ఆగకుండా "ఎందుకు ఆపలేకపోయాం?" దాకా వెళ్లడమే ఈ వృత్తి. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే సేఫ్టీ వాళ్లను నిలదీస్తారు, లేదని అబద్ధం చెప్పను. అయితే హాజోప్ (ఫ్యాక్టరీలో ఎక్కడ ఏం తప్పొచ్చో ముందే వెతికే పరిశీలన) చేసేటప్పుడు ప్రవాహం ఆగితే, ఎక్కువైతే, వెనక్కి తన్నితే ఏమవుతుందని ఒక్కో పైపుకీ అడిగి, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో కాగితం మీద పెడతారు. ఆ కాగితం రాసినవాడికి నిలబడటానికి చోటుంటుంది. చూడకుండా పర్మిట్ల (పని మొదలుపెట్టేముందు ఇచ్చే అనుమతి కాగితాల) మీద సంతకాలు పెట్టేవాడే ఇరుక్కుంటాడు.

మీరు అడ్వాన్సు కట్టిన కోర్సు ఏ రకం మనిషిని తయారుచేస్తుందో కనుక్కున్నారా? ఈ డిప్లొమాల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. సోంపేట నుంచి భోగాపురం దాకా గోడల మీద "నూరు శాతం ప్లేస్‌మెంట్" అనే రాతలే. నిప్పు ఆర్పే సిలిండర్ వాడటం నేర్పుతారు, యూనిఫాం వేసి ఫొటో తీస్తారు. పెద్ద ఫ్యాక్టరీలో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసరు కావాలంటే మాత్రం ఇంజనీరింగ్ చదువు, ఫ్యాక్టరీలో పని అనుభవం, ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా, మూడూ అడుగుతారు. గుర్తింపు లేని కాగితంతో వెళ్లినవాడు హెల్మెట్లు లెక్కపెట్టే పని దగ్గరే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. నెబోష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్‌కు విలువుంది, కానీ అది ఉద్యోగంలో కొన్నాళ్లు నలిగినవాడికి ఉపయోగం. గల్ఫ్ కంపెనీలు కూడా ముందు అడిగేది అనుభవమే. అప్పుచేసి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టాలనుకుంటే, వాడికి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి.

ఒక మాట గట్టిగా చెప్తాను, నొచ్చుకోకండి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడి జీవితానికి అతనికి తెలియకుండా అడ్వాన్సు కట్టడం తప్పు. మీ బావమరిదిని అడిగారు, నన్ను అడిగారు. ఫ్యాక్టరీలో ఏం చూసి అంత ఇష్టపడ్డావురా అని కొడుకుని అడిగారా?

ఎంటెక్ ఖర్చుకు బెంగ వద్దు. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) మీద సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో క్వాలిటీ, రిలయబిలిటీ కోసం ప్రత్యేకంగా ఒక స్కూలే ఉంది, ఆమదాలవలసలో రైలెక్కితే దిగేది అక్కడే. "రిలయబిలిటీ ఇంజనీర్" అనే పేరుతో కొత్తవాళ్లకు ఉద్యోగాలు తక్కువే, అదీ చెప్పాలి. చాలామంది మెయింటెనెన్స్‌లో చేరి రెండుమూడేళ్లకు అటు మళ్లుతారు. అందుకే ఈసారి సీటు రాకపోయినా దారి మూసుకుపోదు. పైడిభీమవరంలోనో విశాఖలోనో మెయింటెనెన్స్ ఉద్యోగంలో చేరనివ్వండి. తర్వాత సేఫ్టీ వైపే రావాలనిపిస్తే చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉంది, దానికి గుర్తింపుంది.

ఈ వారం ఆ అడ్వాన్సు వెనక్కి అడగండి. మీ బాబుని ఇంటర్న్‌షిప్ చేసిన చోట మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిని కలవమనండి. ఒక్క పంపు బ్రేక్‌డౌన్ రిజిస్టరు చూడనిస్తే చాలు, అది ఎన్ని రకాలుగా పాడైంది, ఒక్కోసారి ఏం ఆగింది, ముందే ఎలా తెలిసేది అని పట్టిక వేయమనండి. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుగా కాలేజీలో అదే పెట్టుకోవచ్చు.