అగ్నిపర్వతం పేలి విమానం రద్దయితే టికెట్ డబ్బులు ఎవరివి?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర పల్లె. మా అబ్బాయి గల్ఫ్‌లో డ్రైవర్. 2025 నవంబర్ 26న మా అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం. అబ్బాయి 24 రాత్రి బయల్దేరి హైదరాబాద్ వచ్చేలా ఆర్మూర్‌లో ఒక ఏజెంట్ దగ్గర నేనే 18,500 రూపాయలకు టికెట్ కొన్నాను. మన దేశపు విమాన సంస్థే. తీరా ఎయిర్‌పోర్టుకు పోయాక, ఇథియోపియాలో అగ్నిపర్వతం పేలింది, బూడిద వస్తోంది అని విమానం రద్దు చేశారు. మళ్లీ సీటు 28కి గాని లేదన్నారు. ఆ రాత్రి హోటల్‌కు 6,000 దాకా అయింది. మర్నాడు వేరే కంపెనీలో 41,000 పెట్టి టికెట్ కొనుక్కుని, పెళ్లి రోజు పొద్దున ఇల్లు చేరాడు. ఇప్పుడు మొదటి టికెట్ డబ్బులు వాపసు ఇవ్వరట, క్రెడిట్‌గా పెట్టాం, ఏడాదిలోపు వాడుకోండి అంటున్నారు. ఏజెంట్‌ను అడిగితే అది నాన్ రీఫండబుల్ టికెట్ అంటున్నాడు. మా బంధువు ఒకాయన ఐదు లక్షలకు కేసు వేయమంటున్నాడు. వేస్తే ఏమైనా వస్తుందా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. 18,500 మీకు డబ్బు రూపంలోనే వెనక్కి రావాలి, అందులో వాదన లేదు. నష్టపరిహారం రాదు. హోటల్ ఖర్చు అనుమానమే. రెండో టికెట్‌కు ఎక్కువ పెట్టిన సొమ్ము కోసం మాత్రం కొట్లాడొచ్చు, అదీ మీ చేతిలో ఏం ఆధారాలున్నాయన్న దాన్ని బట్టి.

నష్టపరిహారం ఎందుకు రాదో ముందు చూద్దాం. విమానం ముందస్తు సమాచారం లేకుండా రద్దయితే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం ఇవ్వాలని డీజీసీఏ (మన దేశంలో విమాన సంస్థలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధనలు చెబుతాయి. అదే నిబంధనల్లో, ప్రకృతి వైపరీత్యం లాంటి సంస్థ చేతిలో లేని కారణాల వల్ల రద్దయితే ఆ పరిహారం ఇవ్వనక్కర్లేదని కూడా ఉంది. ఇథియోపియా అఫార్ ప్రాంతంలోని హేలీ గుబ్బి అగ్నిపర్వతం నవంబర్ 23న పేలింది. బూడిద దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఎర్ర సముద్రం దాటి యెమెన్, ఒమన్ మీదుగా మన ఉత్తర భారతం దాకా వచ్చింది. 24న డీజీసీఏ విమాన సంస్థలన్నిటికీ హెచ్చరిక పంపింది: బూడిద ఉన్న ప్రాంతాలు, ఎత్తులు తప్పించండి, బూడిద తగిలిందన్న అనుమానం వచ్చినా వెంటనే తెలపండి అని. ఇంత రికార్డు ఉండగా 'బూడిద వట్టి సాకు' అని మీరు వాదిస్తే వినియోగదారుల కమిషన్‌లో మొదటి వాయిదాకే కేసు పలచబడిపోతుంది.

పైగా ఇది మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. గాజు, రాయి కలిసిన సన్నటి పొడి. జెట్ ఇంజిన్ లోపలి వేడికి కరిగి, టర్బైన్ రెక్కల మీద పేరుకుని గాలి పోయే దారి మూసేస్తుంది. 1982 జూన్ 24న ఇండొనేసియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలో చిక్కిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్‌కు నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ బూడిద దాటాక ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి కాబట్టి జకార్తాలో దిగగలిగారు. 1989లో అలాస్కాలో రెడౌట్ బూడిద వల్ల కేఎల్ఎం విమానానికీ ఇదే గతి పట్టి తప్పించుకుంది. విమానంలోని వాతావరణ రాడార్‌కు వాన మబ్బు కనబడుతుంది గాని ఈ బూడిద కనబడదు. అందుకే జాగ్రత్త పడ్డ సంస్థను ఏ న్యాయమూర్తీ తప్పు పట్టడు. నేనైతే ఆ వాదన ఎత్తనే ఎత్తను.

మరి 18,500 సంగతి? విమానం సంస్థే రద్దు చేసినప్పుడు వేరే విమానమా, పూర్తి డబ్బు వాపసా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ప్రకృతి వైపరీత్యం మినహాయింపు పరిహారానికే గాని టికెట్ సొమ్ముకు వర్తించదు. నాన్ రీఫండబుల్ అన్న షరతు మీ అంతట మీరు ప్రయాణం మానుకున్నప్పటి మాట. విమానమే ఎగరనప్పుడు దానికి పనేముంది? క్రెడిట్‌గా పెట్టడం గురించి కూడా డీజీసీఏ స్పష్టంగా చెప్పింది: అలా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడు తేల్చుకోవాలి, సంస్థ తనంతట తాను పెట్టేయకూడదు. ఏజెంట్ దగ్గర కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదే, ఏజెంట్ వారి తరఫు మనిషి కాబట్టి. 'మేం ఏజెంట్‌కు పంపేశాం, ఆయన్ని అడుగు', 'కంపెనీ నుంచి రాలేదు, నేనేం చేయను' అని మీ ఊళ్లో ఇద్దరి మధ్య తిప్పుతుంటారు. ఆ తిరుగుడు మానేసి ఇద్దరికీ ఒకే నోటీసు ఇవ్వండి. నిబంధనలు పక్కన పెట్టినా కాంట్రాక్టు చట్టం 56, 65 సెక్షన్లు ఉన్నాయి. ఒప్పుకున్న పని అసాధ్యమైపోతే ఒప్పందం చెల్లకుండా పోతుంది, అందుకున్న సొమ్ము తిరిగి ఇచ్చేయాలి. ఇది 1872 నాటి చట్టం, కొత్తదేమీ కాదు.

ఒక హెచ్చరిక. ఆ క్రెడిట్‌ను పొరపాటున కూడా వాడకండి. అందులోంచి కొత్త టికెట్ తీసుకుంటే, దానికి మీరు ఒప్పుకున్నట్టే లెక్క.

హోటల్ విషయంలో మన చట్టం బలహీనంగా ఉంది. యూరప్‌లో అలా కాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఏయాఫ్యాట్లాయోకుల్ అగ్నిపర్వతం పేలి యూరప్ ఆకాశం రోజుల తరబడి మూతపడింది, లక్షకు పైగా విమానాలు రద్దయ్యాయి. పోర్చుగల్‌లో ఇరుక్కున్న ఒక ప్రయాణికురాలు తన తిండి, బస ఖర్చుల కోసం ర్యాన్ఎయిర్ మీద దావా వేశారు. 2013 జనవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: బూడిద అసాధారణ పరిస్థితే, నష్టపరిహారం అక్కర్లేదు, కానీ చిక్కుకున్నవాళ్లను చూసుకునే బాధ్యత ఎన్ని రోజులైనా పోదు, సమంజసమైన ఖర్చు ఇవ్వాల్సిందే. ఇంటర్నెట్‌లో మీకు కనిపించే సలహాలు చాలావరకు ఈ తీర్పు మీద ఆధారపడ్డవే. గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు మన సంస్థ నడిపే విమానానికి ఆ యూరప్ చట్టం వర్తించదు.

మన దగ్గర దీనికి దగ్గరి కేసు హైదరాబాద్ నుంచే వెళ్లింది. 2007 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన విమానం పొగమంచు వల్ల గంటల తరబడి ఆలస్యమైంది. ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లి గెలిచారు. ఆ విమాన సంస్థ, అంటే ఇండిగో నడిపే ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011లో సుప్రీంకోర్టు ఆ పరిహారం కొట్టేసింది: పొగమంచు సంస్థ చేతిలో లేదు, అది సేవా లోపం కాదు అని. అయితే నిరీక్షించే ప్రయాణికులకు తిండి, నీళ్లు, కనీస సౌకర్యాలు చూడటం విమాన సంస్థ బాధ్యతేననీ, తక్కువ చార్జీల సంస్థ అన్న కారణంతో దాన్ని తప్పించుకోలేరనీ అదే తీర్పులో అంది. కాబట్టి ఆ రాత్రి కౌంటర్‌లో మీ అబ్బాయిని ఎవరూ పలకరించకపోతే, కనీసం భోజనం కూపన్ కూడా ఇవ్వకపోతే, ఆ మాట ఫిర్యాదులో రాయండి. హోటల్ బిల్లు జతచేసి అడగండి, కాని వస్తుందని లెక్క వేసుకోకండి. అసాధారణ పరిస్థితుల్లో హోటల్ ఇవ్వనక్కర్లేదని వాదించే వీలు డీజీసీఏ నిబంధనలే సంస్థకు ఇస్తున్నాయి.

ఇక అసలు కొట్లాట 41,000 దగ్గర. మీరు ఎక్కువ పెట్టింది 22,500. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి ఇక్కడ మాంట్రియల్ ఒప్పందం (విమాన సంస్థల బాధ్యత మీద దేశాల మధ్య కుదిరినది) వస్తుంది. మన 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టంలో దాన్ని 2009 నుంచి చేర్చారు, గల్ఫ్ దేశాలూ అందులో ఉన్నాయి. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థ బాధ్యురాలు. నష్టం తప్పించడానికి చేయగలిగినవన్నీ చేశామనో, అసలు చేయడమే అసాధ్యమనో సంస్థ రుజువు చేసుకుంటేనే బయటపడుతుంది. రుజువు భారం వాళ్ల మీద ఉందన్నది గుర్తుపెట్టుకోండి. 24 రాత్రి ఎగరకపోవడానికి బూడిద చాలు. 25 నుంచి 28 దాకా సీటు ఇవ్వకపోవడానికి కూడా బూడిదే కారణమా? ఆ మేఘం 25 సాయంత్రానికల్లా మన దేశం దాటి చైనా వైపు పోతుందని వాతావరణ శాఖ చెప్పింది. ఆ తర్వాత మూడు రోజులకు సంస్థ సంజాయిషీ చెప్పుకోవాలి.

'వేరే కంపెనీ ఎగిరింది కదా, వీళ్లెందుకు ఎగరలేదు' అన్న వాదన మాత్రం అంత గట్టిది కాదు. ఒక్కో సంస్థ తన విమానం వెళ్లే దారి, ఎత్తు చూసుకుని నిర్ణయం తీసుకుంటుంది. బూడిద ఉన్న వైపు ఎగిరొచ్చిన విమానాలను తనిఖీ చేయకుండా మళ్లీ పంపలేరు, ఆ తనిఖీల కోసమే రద్దయిన విమానాలూ అప్పుడు ఉన్నాయి. దీనికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: అదే సంస్థ 26, 27 తేదీల విమానాల్లో కొత్త టికెట్లు అమ్మిందా? మీ అబ్బాయికి 28 దాకా సీటు లేదని చెబుతూ, అదే వెబ్‌సైట్‌లో 26కు ఎక్కువ రేటుకు సీట్లు చూపిస్తే, ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటే మీ కేసును నిలబెడుతుంది. ఇలాంటిది మీ అబ్బాయి ఫోన్‌లోగాని, ఏజెంట్ దగ్గరగాని ఉందేమో వెంటనే వెతకండి. లేకపోతే ఆ రోజుల్లో ఎన్ని సీట్లు ఉన్నాయో, ఎన్ని అమ్మారో చూపమని కమిషన్ ద్వారా సంస్థను అడగొచ్చు. వాళ్ల వకీలు 'మేం ఆలస్యం చేయలేదు, రద్దు చేశాం, డబ్బు వెనక్కిస్తే లెక్క తీరిపోయింది' అంటాడు. ఇన్ని నెలలైనా ఆ డబ్బు కూడా ఇవ్వలేదన్నదే దానికి మీ జవాబు. ఇది గెలుస్తారని మాటివ్వలేను, అడగడం మాత్రం న్యాయమే.

ఐదు లక్షల మాట వదిలేయండి. పెళ్లికి అబ్బాయి చేరాడు. టెన్షన్ పడ్డ మాట నిజమే, దానికి కొంత మొత్తం, ఖర్చులకు కొంత అడగొచ్చు. చేతిలో లేని నష్టానికి పెద్ద అంకె వేస్తే ఉన్న నష్టాన్ని కూడా అనుమానంగా చూస్తారు. పెద్ద మొత్తం అడిగితే పెద్ద కేసు అవుతుందనుకోవడం కూడా తప్పు. 2019 వినియోగదారుల చట్టంలో కమిషన్ స్థాయిని, ఫీజును మీరు కట్టిన ధరను బట్టి చూస్తారు, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. మీది ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.

ఎక్కడ వేయాలి అంటే, నిజామాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఫిర్యాదుదారు ఉంటున్న చోట వేసుకునే హక్కు అదే చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. డబ్బు కట్టింది మీరు కాబట్టి మీరూ వినియోగదారే, ఫిర్యాదు మీ పేరుతో పెట్టండి. ప్రయాణం చేసిన అబ్బాయిని కూడా కలిపితే మంచిది. అతను మళ్లీ గల్ఫ్ వెళ్లిపోయి ఉంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ మీ పేరున పంపమనండి. ఎదుటి పక్షంలో విమాన సంస్థ మొదటిది, ఏజెంట్ రెండోది. గడువు రెండేళ్లు, అంటే 2027 నవంబర్ దాకా. మాంట్రియల్ ఒప్పందంలోనూ అదే గడువు, కాని అక్కడ ఒక్క రోజు దాటినా హక్కే పోతుంది కాబట్టి చివరి నెల దాకా ఆగకండి.

కేసుకు ముందు సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టండి: పీఎన్ఆర్ నంబర్, రద్దు మెసేజ్, 'క్రెడిట్ నాకు అక్కర్లేదు, డబ్బు వాపసు కావాలి' అన్న ఒక్క వాక్యం. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో కూడా అదే ఫిర్యాదు పెట్టండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా కేసుల్లో టికెట్ సొమ్ము ఇక్కడే వచ్చేస్తుంది. రాకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కమిషన్‌కు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. 22,500 ఒక్కటే మిగిలితే దానికోసం తిరగాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోండి. రద్దు మెసేజ్, హోటల్ బిల్లు, రెండో టికెట్ ఉన్న ఫోన్‌ను మాత్రం మార్చొద్దు, అమ్మొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడిగితే ఆ ఫోన్ ఉన్నవాళ్లే సంతకం చేయాలి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గాని చెబుతున్నాను. గల్ఫ్ వెళ్లేటప్పుడు చేయించే ప్రవాసీ భారతీయ బీమా ప్రమాద మరణం, శాశ్వత వైకల్యం లాంటి వాటికి ఉద్దేశించింది, విమానం రద్దుకు డబ్బివ్వదు. అబ్బాయి కంపెనీ గాని, టికెట్ కొన్నప్పుడు ఏజెంట్ గాని విడిగా ట్రావెల్ పాలసీ జతచేశారేమో చూడండి. టికెట్ బిల్లులో రెండు మూడు వందలు ఇన్సూరెన్స్ పేరున కనబడితే ఆ పాలసీ కాగితం తెప్పించండి. హోటల్ ఖర్చు ఇంకెక్కడా రాకపోయినా దాని కింద వచ్చే అవకాశం ఉంది.