డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదివితే తుపానొస్తేనే ఉద్యోగమా?

ఉద్దానం నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్ ఫైనలియరు, బీచుల సేఫ్టీ అదీ ఇదీ అని డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చేస్తానంటోంది, మా బావమరిదేమో తుపానొస్తేనే జీతమిస్తారా అని ఎగతాళి చేస్తున్నాడు, ఏం చెయ్యమంటారు అని.

అన్నయ్యా, 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను మీ జీడి తోటలు, కొబ్బరి తోటలు పడుకోబెట్టేసినప్పుడు పాప హైస్కూల్లో ఉండుంటుంది, ఆ ఇష్టం ఊరికే రాలేదు లెండి.

కానీ తుపాను సంగతి అందరికీ తెలుస్తుంది, టీవీలో చెప్తారు, బీచ్ ఖాళీ చేయిస్తారు. నన్నడిగితే టూరిస్టులకి అసలు భయం ఎండ కాస్తున్న ఆదివారమే. కళింగపట్నం లాంటి చోట పక్కనంతా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక్కచోట నీళ్ళు నెమ్మదిగా కనిపిస్తాయి, ఇక్కడైతే బాగుందని పిల్లల్ని అక్కడే దింపుతారు, తీరా చూస్తే ఒడ్డుకొచ్చిన నీరు లోపలికి పోయే దారి అదే, రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. పైగా వంశధార కలిసే చోట ఇసుక మేటలు కదుల్తుంటాయి కాబట్టి మొన్నటి చోటు ఈరోజు ఉండదు. వేటకెళ్ళేవాళ్ళకి ఇది తెలుసు, కారేసుకొచ్చిన ఫ్యామిలీకి తెలీదు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్రం సమాచారమిచ్చే కేంద్ర సంస్థ ఉంది, వాళ్ళు పెద్ద కెరటాలకీ సునామీకీ హెచ్చరికలిస్తారు, అవి రిసార్టు గేటు దాకా, బజ్జీల బండి దాకా చేరాలి కదా, అక్కడుంది పని.

అయితే పీజీకి నేరుగా డిజాస్టర్ మేనేజ్‌మెంట్ మాత్రం వద్దంటాను. ముందు గట్టి సైన్సు చేతిలో ఉండాలి. ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ, ఓషనోగ్రఫీ, అంటే వాతావరణం, సముద్రం గురించి చెప్పే డిపార్ట్‌మెంటుంది, ఫిజిక్స్ వచ్చిన పిల్లకి సరిగ్గా సరిపోతుంది, డిజాస్టర్ కోర్సు తర్వాతైనా చేసుకోవచ్చు. ఈలోగా క్యూజీఐఎస్ అని మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, అది ఫ్రీ, శాటిలైట్ ఫొటోలూ ఫ్రీ. బారువ ఒడ్డు ఏ ఏడు ఎంత కోసుకుపోయిందో గీతలు గీసి ఒక మ్యాప్ చేస్తే చాలు, ఇంటర్వ్యూలో అది మాట్లాడుతుంది.

ఉద్యోగాలంటారా, ఇన్‌కాయిస్‌లో, చెన్నైలో తీరప్రాంతాల మీద పరిశోధన చేసే ఎన్‌సీసీఆర్‌లో మొదట వచ్చేవి ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులే, కాంట్రాక్టే, ఆ విషయం బావమరిదిగారికి ముందే చెప్పేయండి. సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలకి పెట్టిన రూల్స్, ఆ పర్మిషన్ల కోసం రిసార్టులకి రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. దూరం పంపాలా అని కంగారొద్దు, పలాసలో రైలెక్కితే విశాఖే. ఈత రాకపోతే మాత్రం ఈ వేసవిలోనే నేర్పించేయండి.